నేనే ఆపమన్న సినిమా

ఆ రోజుల్లో మా కోరుట్లలో మైకు పట్టుకోని మనిషి కనబడితే వింతగా చూసేవాళ్లం. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్. నోళ్లకు మాత్రం సెలవు లేదు. తెలంగాణ కోసం సమ్మె మొదలైన ఆ నెలలో చౌరస్తాలో వేసిన టెంటు కింద రోజుకొక పనివాళ్లు వచ్చి కూర్చునేవారు. ఒకనాడు దర్జీలు కుట్టుమిషన్లు తెచ్చుకుని రోడ్డు మీదే జెండాలు కుట్టారు. ఇంకొకనాడు మంగలి అన్నలు కుర్చీలు వేసి దారిన పోయేవాళ్లందరికీ ఉచితంగా గడ్డాలు గీశారు (ఆ టెంటుకు అంత జనం మళ్లీ ఎప్పుడూ రాలేదు). మా ప్రైవేటు బడి టీచర్ల వంతు వచ్చిననాడు నేను నల్లబల్ల మోసుకొచ్చి రోడ్డు మీద భాగహారం చెప్పాను. ఇరవై మూడేళ్ల లెక్కల టీచర్ని, నాకు తెలిసిన విద్య అదొక్కటే. "శేషం ఏం మిగిలింది?" అని పిల్లల్ని అడిగితే, వెనక నుంచి ఒక పెద్దమనిషి "హైదరాబాదు!" అని అరిచాడు. టెంటంతా ఘొల్లుమంది. ఆ నవ్వులోనే ఎవరో నా చేతికి మైకు ఇచ్చారు. ఇవ్వకుండా ఉండాల్సింది.

మైకులో నా గొంతు నాకే కొత్తగా, చాలా బాగా వినిపించింది. ఆ సాయంత్రం ఊళ్లో కేబుల్ టీవీలో నన్ను చూపించారు. మర్నాడు టెంటు నడిపించే పెద్దసారు (రిటైరైన తెలుగు లెక్చరరు, ఊరందరికీ ఆయన పెద్దసారే) మా ఇంటికి కబురు పంపాడు: "లెక్కల పిల్ల మంచిగ మాట్లాడుతది, రోజూ తోలియ్యుండ్రి." ఇక అడ్డేముంది? నీళ్ల గురించి మాట్లాడాను, ఢిల్లీ గురించి మాట్లాడాను, రాజీనామా చేసిన మంత్రుల గురించి, చేయని మంత్రుల గురించి, చేసి వెనక్కి తీసుకున్నవాళ్ల గురించి మాట్లాడాను. తెలియని విషయాల మీద ఇంకా బాగా మాట్లాడేదాన్ని. తెలిసిన విషయమైతే మధ్యమధ్య ఆలోచించుకోవలసి వచ్చేది.

సరిగ్గా అప్పుడే, దసరాకు ముందు, ఆ కొత్త సినిమా వచ్చింది. అందులో హీరో రాష్ట్రం కలిసే ఉండాలని ఎక్కడో అన్నాడట. అంటుంటే విన్నవాళ్లెవరూ మా ఊళ్లో లేరు గానీ, విన్నవాళ్లను కలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. టెంటులో ఆ మాట రాగానే మైకు నా దగ్గరికే వచ్చింది. "మన పిల్లలు రోడ్ల మీద దెబ్బలు తింటాంటే మన పైసలతోని వాళ్ల బొమ్మలు ఆడుతయా? ఈ గడ్డ మీద గా సినిమా ఒక్క ఆట ఆడినా మనం ఓడినట్టే!" అన్నాను. చప్పట్లు టెంటు గుడ్డ ఊగేలా మోగాయి. సాయంత్రానికి కోరుట్లలో పోస్టర్లు చింపారు. మర్నాటికి జగిత్యాలలో కూడా ఆట ఆపేశారు. నా మాటకు అంత బలం ఉందని నాకు తెలియదు. మా ఇంట్లో నేను చెబితే టీవీ చానల్ కూడా మార్చరు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ హీరో అంటే నాకు ప్రాణం. ఇంటర్ చదివేటప్పటి నుంచి అతని ఫొటో నా బీరువా తలుపు లోపలివైపు అంటించి ఉండేది. ఆయన కిందటి సినిమా నాలుగుసార్లు చూశాను, అందులో రెండుసార్లు ట్యూషన్ అని చెప్పి. టెంటులో ఉపన్యాసం దంచి ఇంటికి వచ్చి, చీర మడత పెడదామని బీరువా తెరిస్తే ఆయన నవ్వుతూ కనిపించాడు. తలుపు మెల్లగా మూసేశాను.

ఈ రహస్యం తెలిసిన మనిషి ఒక్కతే, మా బడిలో సైన్సు చెప్పే ఆపా (ఉర్దూలో అక్క అని, బడంతా ఆమెను అలాగే పిలిచేది). నాకంటే మూడేళ్లు పెద్ద. వాళ్ల నాన్నది మార్కెట్లో దర్జీ దుకాణం, టెంటులో జెండాలు కుట్టినవాళ్లలో ఆయనే మొదటివాడు. ఆపా తమ్ముడు దుబాయ్‌లో ఉన్నాడు. అతను మొదటిరోజే సినిమా చూసి ఫోన్ చేశాడట. ఆపా పగలబడి నవ్వుతూ చెప్పింది: "అరె, దుబాయ్ పోయిన కోరుట్లోళ్లందరు చూసిండ్రంట. కోరుట్లల ఉన్న కోరుట్లోళ్లే చూడలే. నీ స్పీచ్ సముద్రం దాటలే మేడమ్." తర్వాత గొంతు తగ్గించి అసలు కబురు చెప్పింది. సిరిసిల్లలో మాత్రం ఆడుతోందట. అక్కడివాళ్లు తెర మీద ముందు జై తెలంగాణ అని వేసి, ఒక ఉద్యమం పాట పెట్టి, ఆ తర్వాత సినిమా నడుపుకుంటున్నారట. "సిరిసిల్లల నిన్నెవరు గుర్తుపడ్తరు? శుక్రవారం పోదాం, మ్యాటినీకి" అంది.

వద్దన్నాను. ఎందుకు వద్దో పది కారణాలు చెప్పాను. ఆదివారం జగిత్యాలలో పెద్ద సభ ఉంది, కరపత్రంలో టీచర్ల తరఫున నా పేరే పడింది, నన్ను ఎవరైనా చూస్తే నా పరువే కాదు, పంతుళ్లందరి పరువూ పోతుంది, పెద్దసారు తల ఎత్తుకోలేడు అన్నాను. ఆపా అంతా విని "అయితే ఎన్ని గంటలకు బయల్దేరుదాం?" అంది. నా ముఖం చూసి కనిపెట్టింది. పొద్దున ఎనిమిదికి అన్నాను.

బస్సులు లేవు కనుక మా చిన్నమామను పట్టుకున్నాం. మా అమ్మ తమ్ముడు. మా తాత తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. మామ మాత్రం ఓమ్నీ వ్యాను కొని కొండగట్టుకు భక్తుల్ని తిప్పేవాడు. మామకు లోకంలో ఉన్న ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉండేది, స్టీరింగ్ పట్టుకుంటే తప్ప అది బయటికి వచ్చేది కాదు. ఇంట్లో నోరు విప్పడు, ఆ పని అత్తది. విషయం చెప్పగానే అన్నాడు: "రాష్ట్రం వేరు, హీరో వేరు కోడలా. రాష్ట్రం రావాలె, హీరో కూడ రావాలె. పద." ఇంట్లో మాత్రం కొండగట్టు అంజన్నకు మొక్కు ఉందని చెప్పాను. ఆపా వాళ్ల నాన్నకు నిజమే చెప్పేసింది. ఆయన దారం పళ్లతో తెంపుతూ "పో బేటా, డ్యాన్సులు మంచిగున్నయంట" అన్నాడట. నాకు ఆ రోజంతా ఆపా మీద కడుపుమంటగానే ఉంది.

శుక్రవారం పొద్దున బయల్దేరాం. మామ జగిత్యాల రోడ్డెక్కగానే మొదలుపెట్టాడు. ఢిల్లీవాళ్లు, హైదరాబాదువాళ్లు, డీజిల్ ధర, పసుపు ధర, అన్నీ వరసగా వచ్చాయి. రోడ్డు నిండా గుంతలు. ఒక్కొక్క గుంతకు ఓమ్నీలో ముగ్గురం లేచి కూర్చుంటున్నాం. నేను ఊరుకోకుండా "రాష్ట్రం అచ్చినంక గీ రోడ్లు గిట్లుండయి మామా" అన్నాను. మామ అద్దంలో నావైపు చూశాడు. "రాష్ట్రం అచ్చినా గుంతలుంటయి కోడలా. కాని గప్పుడు గవి మన గుంతలు. మనోణ్ని పట్టుకొని తిట్టొచ్చు. గిప్పుడు తిట్టాల్నంటే హైదరాబాద్ దాక పోవాలె, ఆడికి పోతే తిట్టేటోని భాష ఎవనికి సమజ్ గాదు." నెలరోజులుగా టెంటులో విన్న ఉపన్యాసాలన్నింటిలో (నావి కలుపుకుని) ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

జగిత్యాలలో నేను కొంగు నెత్తిమీదికి లాక్కుని సీట్లో కిందికి జారి కూర్చున్నాను. చౌరస్తా దాటుతుంటే టెంటు మైకులో ఎవరో ఆదివారం సభకు మాట్లాడేవాళ్ల పేర్లు చదువుతున్నారు. నా పేరు కూడా వినిపించింది. ఆపా కిటికీలోంచి చప్పట్లు కొట్టింది.

కొండగట్టు రాగానే ఆపమన్నాను. మొక్కు అని చెప్పి వచ్చాను కదా, కనీసం మొహమైనా చూపించకపోతే అబద్ధం పూర్తి అబద్ధం అవుతుందని నా లెక్క. ఆపా, మామ వ్యానులో కూర్చుని పల్లీలు తింటుంటే నేను లోపలికి పరుగెత్తి, అంజన్న ముందు కళ్లు మూసుకుని, "స్వామీ, ఇంట్ల తెలువనియ్యకు, సభల పరువు తియ్యకు, ఆట మొదలుగాక ముందు చేరనియ్యి" అని మూడు కోరికలు ఒక్క గుక్కలో కోరాను. బయటికి రాగానే ఒక కోతి నా చేతిలోని కొబ్బరిచిప్ప లాక్కుని గోడెక్కింది. మామ హారన్ కొట్టి, "కోతులకు సమ్మె లేదు, ఎక్కు ఎక్కు" అన్నాడు.

అక్కడి నుంచి వేములవాడ దారి పట్టాం. సగం దారిలో ఒక ఊరి దగ్గర రోడ్డుకు అడ్డంగా ట్రాక్టరు పెట్టారు. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గంజులు, అన్నం ఉడుకుతోంది, పప్పుచారు కాగుతోంది. ఆ రోజుల్లో రోడ్డు ఆపడానికి ఇదే పద్ధతి. దారి మీదే వండుకుని, అక్కడే తిని, ఆగిన బండ్లవాళ్లకూ పెట్టేవారు. యాభై అరవై మంది కుర్రాళ్లున్నారు. వాళ్లకు పెద్దగా కనిపించిన ఒకతను, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నవాడు, వ్యానులోకి తొంగిచూసి "యాడికి?" అన్నాడు. మామ "మొక్కు" అన్నాడు. నల్లద్దాలాయన నన్ను చూశాడు. అద్దాలు తీసి మళ్లీ చూశాడు. "అగో! కోరుట్ల టెంటు మేడమ్! హైదరాబాదు శేషం మేడమ్!" అని గట్టిగా అరిచాడు. కేబుల్ టీవీవాళ్లు ఆ భాగహారం ముక్క జిల్లా అంతా పంచుకున్నారని అప్పుడు తెలిసింది.

నన్ను దించారు. ట్రాక్టరు ట్రాలీ ఎక్కించారు. చేతిలో పట్టుకునే మైకు ఒకటి ఇచ్చారు. వెనక్కి చూస్తే మామ చేతి గడియారం చూపిస్తున్నాడు, ఆపా రెండు చేతులూ జోడించి "తక్కువ మాట్లాడు" అని సైగ చేస్తోంది. నిజంగా రెండు ముక్కలు మాట్లాడి దిగుదామనే అనుకున్నాను. కానీ ఎదురుగా అంతమంది, ఆ ఎండలో, ఆకలితో, నా నోటివైపే చూస్తున్నారు. నా నోరు నాది కాకుండా పోయింది. నీళ్లు, ఉద్యోగాలు అయ్యాక ఎవరో కింది నుంచి "సినిమా గురించి చెప్పుండ్రి మేడమ్" అన్నారు. చెప్పాను. టెంటులో చెప్పినదానికంటే బాగా చెప్పాను. "కోరుట్లల ఆపినం, జగిత్యాలల ఆపినం. యాడ ఆడినా సిగ్గు మనదే" అన్నాను. ఆ సినిమాకు టైమైపోతోందని లోపల గుండె కొట్టుకుంటుంటే, ఆ దడ కూడా గొంతులోకి వచ్చి ఉపన్యాసానికి మంచి ఊపు ఇచ్చింది.

చప్పట్లు ఆగాక నల్లద్దాలాయన లేచాడు. "అన్నలారా, సిరిసిల్లల గా సినిమా ఆడుతుందంట! మేడమ్ ఇంత చెప్పినంక మనం ఊకుందామా?" అన్నాడు. "పదండ్రి సిరిసిల్ల!" అని అందరూ లేచారు. నేను ట్రాలీ అంచు పట్టుకున్నాను. కాళ్ల కింద ఇనుము వేడికి చెప్పులు కాలుతున్నాయో, నా బుద్ధికి నేనే కాలుతున్నానో తెలియలేదు. అప్పుడు గంజుల దగ్గర గరిటె పట్టుకున్న ఆవిడ, ఎవరి తల్లో గానీ, ఆ తల్లి కడుపు చల్లగుండ, "అన్నం అయ్యింది. తినిపోండ్రి. తినకుంట ఒక్కడు కదిలినా కాళ్లిరగ్గొడ్త" అంది. ఉద్యమం కూర్చుంది. విస్తర్లు పరిచారు.

మాకూ పెట్టారు. ఆపా నాలుగు ముద్దలు మింగి, "మేడమ్‌కు మొక్కు టైమైతాంది" అని నన్ను చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ట్రాక్టరు పక్కకు జరిపి దారి ఇచ్చారు, జై కొట్టి మరీ సాగనంపారు. వ్యాను కదిలి రెండు కిలోమీటర్లు పోయింది. తర్వాత మామ మెల్లగా అన్నాడు: "కోడలా, నా బతుకుల సినిమాకు ఆలస్యంగ పోయినోళ్లను చూసిన. బ్లాకుల కొన్నోళ్లను చూసిన. సినిమా ఆపనీకి మందిని తయారుచేసి, ఆళ్లకన్న ముందు పోయి చూసేటోళ్లను నిన్నే చూస్తున్న." ఆపా నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. వెనక్కి పోదాం అన్నాను. మామ గేరు మార్చి ఇంకా తొక్కాడు. "ఆళ్లు తిని, చేతులు కడిగి, బండ్లు సదురుకొని అచ్చేటాళ్లకు సగం సినిమా అయిపోతది. సగమన్న చూద్దాం."

సిరిసిల్లలో ఆ రోజు వింతగా ఉంది. ఎప్పుడు వెళ్లినా వీధి వీధికీ సాంచాలు (అక్కడ మరమగ్గాలను అలా అంటారు) టకటకమని మోగుతూ ఉండే ఊరు నిశ్శబ్దంగా ఉంది. బొగ్గు గనుల్లోనూ సమ్మె, కరెంటు కోత, సాంచాలన్నీ ఆగిపోయాయి. పని లేని నేతన్నలు కుటుంబాలతో సహా టాకీసుకు వచ్చారు. టాకీసులో జనరేటరు ఉంది. మేం లోపలికి వెళ్లేసరికి తెర మీద జై తెలంగాణ అని అక్షరాలు పడి ఉన్నాయి, ఉద్యమం పాట అయిపోతోంది, అందరూ లేచి నిలబడి ఉన్నారు. నేనూ నిలబడ్డాను. పాట అయిపోయింది, పేర్లు పడ్డాయి, మా హీరో తెర మీదికి దూకాడు. నేను ఇప్పటిదాకా చెప్పిన ఉపన్యాసాలన్నీ ఆ దూకుడు కింద పడి నలిగిపోయాయి. నా పక్కన ఎవరో చెవులు పగిలేలా ఈల కొట్టారు. చూస్తే ఆపా. సైన్సు మేడమ్.

ఒక గంట లోకం మరిచిపోయాను. మధ్యలో హీరో ఇంట్లో పనివాడొకడు వచ్చాడు. నూనె తల, వదులు నిక్కరు, నోరు తెరిస్తే "ఏంది దొరా, గట్లంటవ్, నాకేం ఎరుక" అంటూ మన మాటలే, కానీ వంకర తిప్పి, సాగదీసి, మనమెవరం ఎప్పుడూ అలా అనని రీతిలో. టాకీసంతా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను. అప్పుడు ఆపా నా చెవిలో అడిగింది, మామూలుగానే, నిజంగా తెలుసుకుందామనే: "వాడు మన లెక్కనే మాట్లాడుతుండు గదా. గందుకే నవ్వుతున్నమా?" నవ్వు సగంలో ఆగింది. ఆ తర్వాత వాడు నోరు తెరిచినప్పుడల్లా మామ గొంతు, అమ్మ గొంతు, పొద్దున గరిటె పట్టుకున్నావిడ గొంతు వినిపించాయి. హీరో ఒక్క మాట కూడా అలా మాట్లాడలేదు. మాట్లాడడని నాకు ముందే తెలుసు. తెలుసని మాత్రం అప్పుడే తెలిసింది.

ఇంటర్వెల్ పడి లైట్లు వెలిగాయి. అంతలోనే బయట మోటారు సైకిళ్ల చప్పుడు, నినాదాలు. తలుపులు తోసుకుని లోపలికి వచ్చారు. నేను కుర్చీలో కిందికి జారబోయాను గానీ నల్లద్దాలాయన కళ్లు అప్పటికే నా మీద పడ్డాయి. ఆయన ముఖం మతాబులా వెలిగింది. "జూసిండ్రా! మేడమ్ మనకంటె ముందుగాలనే అచ్చింది! ఒక్కతే లోపలికి అచ్చి కూసుంది, సినిమా ఆపనీకి!" అని నా చేతిలో మైకు పెట్టాడు. "మొక్కంటే గిదే మొక్కనుకోలే మేడమ్!"

ఎదురుగా కుర్రాళ్లు జై కొడుతున్నారు. చుట్టూ సిరిసిల్లవాళ్లు, పిల్లల్ని ఒళ్లో పెట్టుకున్న తల్లులు, పనిలేక వచ్చిన మగవాళ్లు, సినిమా సగంలో ఆగిపోతుందని కోపంగా చూస్తున్నారు. నేను ఒక్క అబద్ధం చెబితే చాలు, చెప్పనక్కర్లేదు, ఊరుకుంటే చాలు, నేను నాయకురాలిని. ఆదివారం సభలో దీన్ని కథలు కథలుగా చెప్పుకుంటారు. నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడు నా వెనక వరుసలోని ముసలమ్మ, మునివేళ్లు నూలు పట్టీ పట్టీ కాయలు కాసినామె, నా భుజం తట్టింది. "ఆపనీకి అచ్చినవా బిడ్డా? మరి హీరో దుంకంగ నా చెవి కాడ ఈల గొట్టింది నువ్వు గాదా?"

"నేను కాదవ్వా, ఆపా" అన్నాను. మైకు ఆన్‌లో ఉంది. టాకీసంతా వినబడింది.

ఇక దాచేదేమీ లేకపోయింది. "అన్నా, నేను ఆపనీకి రాలే. చూడనీకి అచ్చిన. గిదో టికెట్" అన్నాను. "కోరుట్లల ఆపమన్నది నేనే. పొద్దుగాల మీకు చెప్పింది నేనే. చూడకుంట చెప్పిన. గిప్పుడు సగం చూసిన. గా పనోడు మన తీరు మాట్లాడుతాంటే అందరికన్న ఎక్కువ నవ్వింది గూడ నేనే. ఎవలను చూసి నవ్విన్నో ఇంతకుముందే ఎరుకైంది. నన్ను తిట్టుండ్రి. నాకు మాట్లాడరాదు ఇగ." నిజంగానే రాలేదు. జీవితంలో మొదటిసారి మైకు నా చేతిలో ఉండగా నాకు మాటలు అయిపోయాయి.

నల్లద్దాలాయన అద్దాలు తీసేశాడు. చిన్నపిల్లాడి ముఖం, ఇరవై ఏళ్లు కూడా ఉండవు. మోసపోయినవాడిలా చూశాడు. ఆ చూపు నాకు ఏ తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. "మరి గిప్పుడు ఆపాల్నా వద్దా మేడమ్?" అన్నాడు. ముసలమ్మ చెప్పింది: "కొడుకా, పదిరోజులాయె సాంచాలాగి. ఇంట్ల కూసుంటె పిచ్చి లేస్తాంది. తెలంగాణ మాకు వద్దంటిమా? పాట పాడితిమి, లేసి నిలవడితిమి. కూసో, నువ్వు గూడ చూడు. మంచిగ లేకుంటె గప్పుడు ఆపు." అవతల నుంచి ఇంకొకాయన "జనరేటర్ల డీజిల్ అయిపోతది, జల్ది తేల్చుండ్రి" అన్నాడు. కుర్రాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ముందు ఒకడు కూర్చున్నాడు. తర్వాత నలుగురు. మిగతావాళ్లు గోడలకు చేరగిలబడ్డారు.

రెండో సగం మొదలైంది. పాఠకులారా, మీకు నిజం చెబుతున్నాను, నా ప్రాణం లాంటి హీరోది అయినా చెబుతున్నాను, అంత చెత్త రెండో సగం నేను అంతకుముందు చూడలేదు. కథ విదేశాలకు వెళ్లింది, ఎందుకు వెళ్లిందో చెప్పలేదు. హీరోకు గతం గుర్తుకు రాలేదు, మాకు గుర్తుంది, అతనికి చెబుదామంటే వీలు లేదు. హీరోయిన్ మూడు పాటల మధ్య రెండుసార్లు కిడ్నాపైంది. చివరికి వచ్చేసరికి ముందు వరుసలో మామ నిద్రపోయాడు. దీపాలు వెలిగాక నల్లద్దాలాయన నా దగ్గరికి వచ్చాడు. ఆయన నీరసంగా "గప్పుడే ఆపితె అయిపోతుండె గద మేడమ్" అన్నాడు. ముసలమ్మ కూడా తల ఊపింది. "నిజమే కొడుకా. నాదే తప్పు."

మర్నాడు పొద్దున్నే, ఎవరూ చెప్పకముందే, నేనే పెద్దసారు ఇంటికి వెళ్లి అంతా చెప్పేశాను. ఆదివారం సభకు నా బదులు ఎవరినైనా పంపమన్నాను. ఆయన కుర్చీలో కదలకుండా విన్నాడు. అబద్ధం చెప్పి వెళ్లానని తిడతాడనుకున్నాను. "చూడక ముందుగాల మాట్లాడినవ్, గది తప్పు. గిప్పుడు చూసినవ్ గదా. పోయి మాట్లాడు" అన్నాడు. నేను లేచి గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, కాస్త సిగ్గుపడుతూ పిలిచాడు. "ఇంతకు, ఆఖరుకు గా పిల్లను చేసుకున్నడా లేదా?"

జగిత్యాల సభలో చప్పట్లు కొట్టించే మాటలేవీ నాకు రాలేదు. టాకీసులో జరిగింది జరిగినట్టు చెప్పాను, ఈల సంగతితో సహా. మొదట నవ్వారు. పనివాడి మాటల దగ్గరికి వచ్చేసరికి నవ్వు తగ్గింది, తర్వాత అసలు చప్పుడే లేదు. దిగేటప్పుడు మెట్ల దగ్గర కాలు తడబడితే, మైకు సెట్టు నడిపే ఆయన నన్ను పట్టుకుని "మెల్లగ బిడ్డా" అన్నాడు. అది నా ఆఖరి ఉపన్యాసం కాదు గానీ, తర్వాతివాటికి ముందు కొంచెం భయపడడం నేర్చుకున్నాను. భయపడితే ఉపన్యాసం చప్పగా ఉంటుంది. నన్ను పిలవడం కూడా మెల్లగా తగ్గించారు.

రాష్ట్రం వచ్చింది. ఆపా పెళ్లి చేసుకుని నిజామాబాదు వెళ్లింది. మొన్నీమధ్య జగిత్యాలలో పని చూసుకుని మెట్‌పల్లి బస్సెక్కాను. నా ముందు సీట్లో ఇద్దరు డిగ్రీ పిల్లలు. అందులో ఒకతె ఏదో కొత్త సినిమాను ఏకిపారేస్తోంది. దాన్ని విడుదలే కానివ్వద్దంటోంది, తీసినవాళ్లను రోడ్డు మీద నిలబెట్టాలంటోంది. పక్క పిల్ల "చూసినవానే?" అంది. "చూసుడెందుకు? ఎరుకే గదా!" అంది ఈ పిల్ల. నేను ముందుకు వంగాను. ఒక పెద్దమనిషిగా చెప్పవలసిన నాలుగు మంచి ముక్కలు నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ ఆ పిల్ల అప్పటికే మళ్లీ అందుకుంది. చేతులు తిప్పుతోంది, కళ్లు మెరుస్తున్నాయి, కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి వింటున్నాడు. ఎంత బాగా మాట్లాడుతోందో! మధ్యలో లేచి దిగిపోవడానికి నాకు మనసొప్పలేదు. కోరుట్లలో దిగవలసినదాన్ని, మెట్‌పల్లి దాకా వెళ్లి దిగాను.